పేరు పడని కాగితం

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో మనిషి పోతే ఆ కబురు ఊరికి చెప్పేది తలుపులూ గోడలే. ఫోటో, పేరు, దాని కింద ఏడ్చేవాళ్ల పేర్లు అచ్చేసిన కాగితం ఇంటి తలుపుకీ, చెట్లకీ, బస్టాపుకీ అతికిస్తారు. నలభయ్యో రోజుకి మళ్లీ కొత్తది వేస్తారు. త్సోన్కా పోయిన రోజు అతికించిన కాగితంలో కొడుకు ఓగ్న్యన్ ఉన్నాడు, అతని పిల్లలున్నారు, ఆఖరికి పక్కింటివాళ్లు కూడా ఉన్నారు. కూతురు జ్లాతీన మాత్రం లేదు.

"అమ్మే వద్దంది. నన్నేం చెయ్యమంటావే?" అన్నాడు ఓగ్న్యన్ ఫోన్లో.

అనే ఉంటుంది. మొగుణ్ణి వదిలేసిందని కూతురి మొహం చూడనని భీష్మించుకున్న మనిషి ఆవిడ. జ్లాతీన వచ్చి బెల్లు కొడితే లోపల లైటు ఆర్పేసేది. తలుపుకున్న అద్దం ఒక్కసారిగా నల్లబడిపోయేది. తిట్టినా బావుండేది గానీ, ఆ లైటు ఆరిపోవడమే జ్లాతీన గుండెను కోసేసేది.

అందుకే ఈసారి కాగితం నేనే వేస్తానని మొండికేసింది. నలభయ్యో రోజు రేపే. అచ్చుపనిలో ఓనమాలు కూడా రావు. వీధి చివర స్తామెన అత్తకి స్టెన్సిల్ యంత్రం ఉంది, నోరూ ఉంది.

"కాగితాన్ని అలా కుక్కకే! అది పసిపిల్ల కాదు, నువ్వు కుక్కితే మింగడానికి."

నేర్చుకుంటే పెద్ద విద్యేం కాదు. రాసుకున్న కాగితం గాజు మీద బోర్లా పెడితే యంత్రం ఒక పల్చటి పొరకి వేడితో సన్నటి చిల్లులు పొడుస్తుంది. ఆ పొర సిరా డ్రమ్ముకి చుట్టుకుంటుంది. డ్రమ్ము తిరిగితే చిల్లుల్లోంచి సిరా కాగితం మీదకి దిగుతుంది. మొదటి కాగితం బయటికొచ్చింది. అమ్మ మొహం, తేదీ, 'కొడుకు ఓగ్న్యన్'. ఆ కింద తెల్లగా ఉంది.

"నా పేరేదత్తా?"

"మొదట్లో సిరా అందదులే. ఇంకాసిని లాగు."

లాగింది. అన్నీ కాటుకలా దిగాయి, పేరు తప్ప. అత్త గాజు తుడిచి, కొత్త పొర వేయించింది. మళ్లీ అదే వరస. జ్లాతీన విసుగెత్తి డ్రమ్ము మీది పొర ఊడదీసి, గుడ్డతో తుడిచి, కిటికీకి అడ్డంగా పట్టుకుంది. 'కూతురు జ్లాతీన' అన్న అక్షరాల్లోంచి వెలుతురు చక్కగా వస్తోంది. చిల్లులున్నాయి, సిరా ఉంది, కాగితం మీద మాత్రం పేరు లేదు.

అత్త గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "చేత్తో రాసి పారెయ్యవే పిల్లా."

"నా పేరు నేను రాసుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టా?"

జ్లాతీనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టింది.

"తడి కాగితాలు అలా పేరుస్తారా ఎవరైనా? కిందదాని సిరా పైదాని వీపుకి అంటదూ!" అని అత్త కసిరింది గానీ ఆ గొంతులో పస లేదు.

పొద్దు గుంకే వేళకి జ్లాతీన పైనున్న కాగితం ఒకటి తీసుకుని అమ్మ ఇంటికెళ్లింది. ఇంటికి తాళం, లోపల ఎవరూ లేరు. ఓగ్న్యన్ కరెంటు కూడా తీయించేశాడు. పేరు లేకపోతే లేకపోయిందనుకుని, కాగితం నాలుగు మూలలకీ జిగురు రాసి తలుపు అద్దానికి అతికించింది. అలవాటు కొద్దీ వేలు బెల్లు మీదకి వెళ్లింది. అది మోగలేదు.

లోపల లైటు వెలిగింది.

కాగితం పసుప్పచ్చగా వెలిగింది. ఓగ్న్యన్ పేరు కింద, తెల్లటి చోట, మెల్లగా అక్షరాలు తేలాయి. 'కూతురు జ్లాతీన.' వేలితో తడిమింది. వేలికి ఏమీ అంటలేదు. కాగితం అంచు లేపి చూసింది. పేరు వెనకవైపుంది, తిరగేసి, ఇంకా తడిగా. దొంతరలో కిందదాని నుంచి అంటుకుందనుకోవడానికి, అచ్చేసిన కాగితాల్లో ఒక్కదాని మీదా ఆ పేరు పడనే లేదు.

లైటు ఆరిపోతుందని ఎదురుచూసింది. ఇన్నేళ్లూ ఆరకూడదని ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఆరితే బావుణ్ణనుకుంది. ఆరలేదు.

లోపల గొళ్లెం తీసిన చప్పుడైంది.