రెండు బిళ్ళల నడుమ

ల్యాబు డాక్టరమ్మకి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. ఆమెను కట్టుకున్న ఐసీయూ డాక్టరు ఆ సంగతి ఏనాడో ఒప్పేసుకున్నాడు.

"ఇక ఏ మందూ మిగల్లేదు. డ్రైవరు కూతురికి చెప్పేస్తాను," అన్నాడాయన ఫోనులో. ఆ రోగి కాలు విరిగి ఆస్పత్రికి వచ్చిన బస్సు డ్రైవరు. ఆపరేషను బాగానే జరిగింది. మెడ దగ్గర పెట్టిన గొట్టం వెంట ఓ క్రిమి నెత్తురులోకి చేరింది. గొట్టం తీసేసినా అది పోలేదు. ల్యాబులో ఏ మందు వేసి చూసినా లెక్కచేయలేదు.

"అప్పుడే చేతులెత్తేయకండి. రేపటిదాకా ఆగండి."

"నీతో వాదించి నేను గెలిచిందెప్పుడులే."

క్రిముల్ని పూసిన పళ్ళెంలో ఆమె వేర్వేరు మందుల్లో తడిపిన రెండు కాగితం బిళ్ళల్ని పక్కపక్కన పెట్టింది. విడివిడిగా రెండూ ఓడిపోయినవే. మర్నాడు మూత తీస్తే క్రిములు అంతటా దట్టంగా పెరిగి ఉన్నాయి. బిళ్ళల నడుమ మాత్రం పళ్ళెం శుభ్రంగా ఉంది. పట్టరాని సంతోషంతో ఆమె ఆ రెండు మందుల పేర్లూ ఐసీయూకి చెప్పింది.

సాయంత్రమైనా జ్వరం తగ్గలేదు, బీపీ జారిపోతూనే ఉంది. ఆమె ఐసీయూలోకి దూసుకెళ్ళింది. ఒక మందు సీసా ఖాళీగా వేలాడుతోంది, రెండోది ఇంకా ట్రేలోనే ఉంది. కొత్త మందులు రెండు ఒకేసారి ఎక్కించకపోవడం ఆ వార్డు అలవాటు. ఒళ్ళు దద్దుర్లెక్కితే ఏది పడలేదో తెలియాలి కదా!

"అలవాటు కొద్దీ విడదీశాం," అన్నాడు భర్త తల గోక్కుంటూ.

"ఒకటి ఆ క్రిమి చేతులు పట్టుకుంటేనే రెండోది కొట్టగలదండీ! రెండూ ఒక్కసారే పెట్టండి. దద్దుర్లొస్తాయేమో నేను చూస్తాను."

కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది. మనిషి దక్కడేమోనని లోపల భయంగానే ఉంది. అయినా కదల్లేదు.

మర్నాటికి జ్వరం దిగింది. ఆ తర్వాత డ్రైవరు కళ్ళు తెరిచి, తన బస్సు ఎవడు తోలుతున్నాడని అడిగాడు.

బయట కూతురు చేతులు జోడించింది. "నాన్నని మీరే కాపాడారమ్మా."

భర్త కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె వింటేనా? "ఆ క్రిమి అంటుకుంది ఇక్కడే తల్లీ. మా చేతుల మీంచే."

కూతురి చేతులు దిగిపోయాయి.

"పక్క మంచం మీదికి ఇవాళ ఇంకొకాయన వచ్చాడు," అందా అమ్మాయి. "ఆయన్నీ అలాగే ముట్టుకుంటారా?"

"ముట్టుకోం," అంది డాక్టరమ్మ. భర్త మణికట్టు పట్టుకుని, ముందు ఆయన్నే కొళాయి దగ్గరికి లాక్కెళ్ళింది.