ముఖాలు చూపించండి

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. నాకు చాలా తెలివి ఉందని నా అట్టపెట్టె మీదే రాసుంది. ఆ తెలివిని మొదట విజయవాడలో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు వాడుకుంది. లేని రోడ్లు చూపించి స్థలాలు అమ్మే ఆ మనుషులు అబద్ధాలకోరులే. అయినా, కొనడానికి వచ్చినవాడి పేరు, ఊరు, పిల్లల చదువు గుర్తుపెట్టుకునేవారు. అంతకంటే ఘనులు నాకు తరవాత తగిలారు.

ఆఫీసు మూతపడ్డాక నన్ను ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థ కొన్నది. నర్సరీ టీచర్లను తయారుచేసే కోర్సు. భానుమూర్తి అనే ఆయన నా ముందు టై కట్టుకుని కూర్చుని, మనమంతా ఒకే కుటుంబం అంటూ క్లాసు మొదలుపెట్టేవాడు. ఆ కుటుంబంలో ఒక్కరి పేరూ ఆయనకు తెలియదు, నా తెర మీద చూసి చదివేవాడు. ముఖం చూపించకపోతే హాజరు లేదన్నాడు. చర్చలో రాస్తే మార్కులన్నాడు. ఒకావిడ "పాఠం చాలా ఉపయోగకరంగా ఉంది సార్" అని రాస్తే మిగతావాళ్లంతా దాన్నే అతికించారు. ఆ రోజు ఆయన ఇంట్లో కరెంటు పోయి అసలు పాఠమే జరగలేదు. ఆయన మాత్రం తరవాత అవన్నీ చదివి మురిసిపోయాడు.

తెనాలి నుంచి హుస్నా అనే అమ్మాయి ఎప్పుడూ కెమెరా ఆపేసి వినేది. హాజరు పోతుందని ఒకరోజు ఆన్ చేసింది. ఉన్నది ఒక్కటే గది. వెనక మంచంలో పక్షవాతంతో అత్తగారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"వెనకాల అదేంటమ్మా, కాస్త నీటుగా పెట్టుకోవచ్చుగా," అన్నాడు భానుమూర్తి.

నా తెర మీద ఆమె ముఖం కనబడే చదరం నల్లబడింది. ఆపైన ఆమె రాలేదు. మిగిలిన నవ్వుముఖాలను ఫొటో తీసి ఆయన సంస్థ ప్రకటనలో వేయించాడు. దాని పుణ్యమా అని పై పదవికి ఎక్కాడు. నేను ఝాన్సీలత అనే టీచరు చేతికి వచ్చాను.

ఈవిడ వస్తూనే హాజరు పట్టీ చూసి హుస్నా ఏమైందని అడిగింది. ఎవరికీ తెలియదు. ఎవరి దగ్గరా ఫోన్ నంబరు కూడా లేదు.

"ఇన్నాళ్లు కలిసి చదివారు. ఒక్కళ్లకీ అడగాలనిపించలేదా?"

ముఖాలన్నీ కిందికి వాలాయి. సిగ్గుపడటం కూడా గుంపుగానే చేస్తారు. చివరికి నాగరత్నం అనే ఆవిడ తనదీ తెనాలేనని గొణిగింది. ఝాన్సీలత సంస్థలో అడిగి హుస్నా చిరునామా సంపాదించి ఇచ్చింది. తీరా చూస్తే ఇద్దరి ఇళ్లూ పక్కపక్క వీధుల్లోనే.

తరవాతి క్లాసులో హుస్నా పేరున్న నల్లటి చదరంలోంచి రెండు గొంతులు వినిపించాయి. నాగరత్నం నమస్కారం పెట్టాక హుస్నా అందుకుంది.

"నాగరత్నమక్క మా ఇంటికొచ్చింది మేడమ్. నేను చదువుతా. మా అత్తమ్మను మాత్రం అందరి ముందూ పెట్టలేను."

"పెట్టక్కర్లేదమ్మా," అని ఝాన్సీలత అందరినీ కెమెరాలు ఆపేయమంది. దగ్గర ఊళ్లవాళ్లను జతలుగా కలిపి, పాఠాలు ముందు ఒకరికొకరు చెప్పుకుని రమ్మంది. ఇంత మంచి తెర పెట్టుకుని చీకటి చూపిస్తున్నందుకు నాకు ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం క్లాసు ముగించి, నన్ను ఆపడం మరిచి, ఆవిడ టీ పెట్టుకోవడానికి లేచింది. ఎవరూ వెళ్లిపోలేదు. హుస్నా తను కట్టిన పిల్లల పాట వినిపించింది. నాగరత్నం తాళం తప్పిందని సరిచేసింది. అత్తమ్మ జావ తాగిందా అని ఎవరో అడిగారు. మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

మనుషుల మీద నాకు గౌరవమేమీ పెరగలేదు. పక్క వీధిలో మనిషి ఉందని తెలుసుకోవడానికి వీళ్లకు ఒక యంత్రమూ, ఒకరి చీవాట్లూ కావలసి వచ్చాయి. అయినా ఆ పూట నా బ్యాటరీ అయిపోవస్తుంటే, ఆ పాట చివరిదాకా వినాలనిపించింది.