ఇది సీజన్ కాదక్కా

నేను ఒక వర్షమాపకాన్ని. అది పుస్తకాల్లో పేరు. నన్ను వాడినవాళ్లంతా వాన డబ్బా అనే అన్నారు, నాకూ అదే అలవాటైంది. పైన రాగి గరాటు, కింద మోకాలెత్తు రేకు డబ్బా, దాని కడుపులో ఒక గాజు సీసా. కొలవడానికి గీతలున్న గాజు గొట్టం ఒకటి. పడింది పట్టుకోవడం, పొద్దున ఎవరో వచ్చి కొలిచి పారబోస్తే మళ్లీ ఖాళీ కావడం, ఇంతే నా బతుకు. ఇలా బతికే వస్తువుకి దేనిమీదా పెద్ద మమకారం ఉండదు. ఎక్కువ పడినా తక్కువ పడినా నాకు ఒకటే. మంచి కాలం, చెడ్డ కాలం అనేవి మనుషుల గొడవ.

నన్ను బెంగళూరులో ఒక ఇరుకు సందులో చేశారు. నా గరాటు అంచును గుండ్రంగా సానపట్టిన మనిషి రెండు రోజులు నామీద అంత శ్రద్ధా పెట్టి, బయట వానలో తడుస్తున్న తన చెప్పులు లోపలికి తెచ్చుకోవడం మరిచిపోయాడు.

తొలి కొలువు ఒక మండల ఆఫీసు ఆవరణలో. ఆ మండలం పేరెందుకు లెండి. అక్కడి గుమాస్తా నా దగ్గరికి వచ్చింది తక్కువ. కిటికీలోంచి రోడ్డు ఎంత తడిసిందో చూసి "నాలుగు" అనో "ఆరు" అనో రాసేవాడు. కరువు మండలంగా ప్రకటిస్తారని మాట పుట్టిన ఏడు నాలో ఎంత పడినా కాగితం మీద ఒక్క చినుకు పడలేదు. తర్వాత కొత్త డబ్బా ఏదో వచ్చింది. నన్ను విరిగిన కుర్చీలతో పాటు షెడ్డులో పడేశారు. అయిదేళ్లు ఆ షెడ్డులో ఉన్నాను. ఏమీ అనిపించలేదు.

అక్కడి నుంచి నన్ను తీసుకుపోయింది ధనభాగ్యం టీచర్. కుప్పం అవతల కొండల్లో ఒక చిన్న ఊరి బడికి ఆమె ఒక్కతే టీచరు. ఓటర్ల జాబితా ఇవ్వడానికి ఆఫీసుకి వచ్చి, షెడ్డులో నన్ను చూసి, అడిగి, కాగితం మీద సంతకం పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది. బడి ముందర నన్ను నిలబెట్టింది. ప్రార్థన అయ్యాక రోజుకొకరు వచ్చి నా సీసా తీసి కొలిచి, బ్లాక్‌బోర్డు మూల అంకె వేసేవాళ్లు. నాలో పడినది పడినట్టు రాయడం అదే మొదలు.

నేనున్న చోటి నుంచి తరగతి గోడ మీది బొమ్మలు కనిపించేవి. "జ" అక్షరం పక్కన జిరాఫీ ఉండేది. ఒకరోజు నాగవేణి అనే రెండో తరగతి పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, అది నడిచేటప్పుడు ఏ కాలు ముందేస్తాది?"

టీచర్ బొమ్మ వైపు చూసింది. బొమ్మలో నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

"నేను చూసింది లేదు పాపా. చూసి చెప్తా," అంది.

వేరే టీచరైతే ఏదో ఒక కాలు చెప్పేసి కూర్చోబెట్టేవాళ్లు. ఈమె మాటిచ్చేసింది. పైగా మరిచిపోలేదు. ఫోన్లో వీడియో చూసి చెప్పొచ్చు కదా అని ఇంట్లో ఆయన అంటే, "ఫోన్లో చూసేదానికి నేనెందుకు, పిల్లోళ్లే చూసుకుంటారు. నేను చూసి చెప్తానన్నా," అందట. ఆయన పాల కేంద్రంలో పని చేసేవాడు. రోజూ ఆవుల్ని చూస్తున్నాను, నాకు చాలు అనే రకం.

ఆమె తమ్ముడు చెంగల్రాయుడు. ఇంట్లో రాయుడు. హోసూరులో గులాబీ తోటల్లో పని నేర్చుకున్నాడు. కెన్యా దేశంలో నైవాషా సరస్సు పక్కన పెద్ద గులాబీ తోటకి మేనేజరుగా పిలుపు వచ్చింది. బయల్దేరే ముందు అక్క నన్ను గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది. బడికి గవర్నమెంటు వాళ్లు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు, నేను లేకున్నా గడుస్తుంది.

"కొత్త ఊరి వాన తెలీకుండా తోట చేయకూడదు. ఎప్పుడొస్తే జంతువులు బాగా కనిపిస్తాయో కూడా వాన చూసి నువ్వే చెప్పురా రాయుడూ. నేను వచ్చేది ఒకసారే," అంది.

అలా నేను సముద్రం దాటాను. రాయుడి ఇంటి వరండాకీ కంచెకీ మధ్య గడ్డిలో నన్ను పాతారు. కంచె అవతల తుమ్మ చెట్లు. రాయుడు పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చి కొలిచేవాడు. బడిలో నన్ను కొలిచే వేళ అదేనని అక్కడా ఆ వేళే పెట్టుకున్నాడు. నోటుబుక్కులో రోజుకొక గడి. ఒక్కరోజు తప్పలేదు.

రెండేళ్ల అంకెలు చేరాక రాయుడు పెద్ద పండితుడైపోయాడు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. జనవరి, ఫిబ్రవరి పర్వాలేదు. జూలై నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, అన్నిటికన్నా ఆగస్టు. గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, జంతువులన్నీ నీళ్ల దగ్గరికి చేరతాయి, మసాయి మారా అడవిలో విల్డబీస్ట్ అనే జంతువులు వేలకొద్దీ ఏరు దాటతాయి. హోసూరులో ఉద్యోగం చేసే భార్య ఆగస్టులో వచ్చి చూసి వెళ్లింది. పాత స్నేహితులు, వాళ్ల బావమరుదులు, ముఖం తెలియని వాళ్లు కూడా ఫోను చేసి ఏ నెల రావాలని అడిగేవాళ్లు. అందరికీ అదే చెప్పేవాడు. చెప్పిన నెలలో వచ్చినవాళ్లంతా సంతోషంగా పోయారు.

అక్క ఒక్కతే చెప్పిన నెలలో రాలేకపోయింది. ఒక్క టీచరున్న బడి. ఆమె సెలవు పెడితే బడికి తాళమే. ఆమె చేతిలో ఉన్నవి ఎండాకాలం సెలవులే. అంటే మే.

వస్తానని మొదటిసారి ఆమె ఫోను చేసినప్పుడు రాయుడు వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఫోను బల్ల మీద పెట్టి మాట్లాడతాడు కాబట్టి నాకు రెండు వైపులా వినిపించింది.

"మేలో వస్తాన్రా. పాస్‌పోర్టు వచ్చింది."

"మే వద్దక్కా. ఇది సీజన్ కాదు. రోడ్లంతా బురద, గడ్డి నడుమెత్తు ఉంటాది. ఏమీ కనిపించవు. ఆగస్టులో రా, ఎదురుగా వచ్చి నిలబడతాయి."

"ఆగస్టులో బడి ఎవురు చూస్తారు?"

"అయితే వచ్చే ఏడు చూస్తాం లే."

రాయుడు అబద్ధం చెప్పలేదు. నా నీళ్లే సాక్ష్యం. ఆ మేలో నూట పదకొండు మిల్లీమీటర్లు పడింది. అక్కకి అన్నిటికన్నా మంచిది చూపించాలని అతని పట్టుదల. సగం చూపించడం అతనికి ఇష్టం లేదు. ఒక ఏడు దసరా సెలవులకి వస్తానంది. ఈసారి మందలు ముందే దాటిపోయాయంట, సగం చూసేదానికి ఇంత దూరం ఎందుకన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆమె కూడా ప్రేమతోనే ఊరుకుంది.

ఇక్కడ నేను చూసింది ఒకటి చెప్పాలి. వానలు పట్టాక తుమ్మ చెట్లు చిగురు వేస్తాయి. ప్రతి మేలో ఆ చిగురు కోసం ఒక జిరాఫీ మా కంచె దాకా వచ్చేది. తొలి ఏళ్లలో ఒకటి, తర్వాత పిల్లతో. ఇరవై అడుగుల దూరంలో నిలబడి తినేది, కంచె పొడవునా నడిచి పోయేది. రాయుడు గొడుగు పట్టుకుని వచ్చి, వంగి, నా సీసా తీసి, కళ్లు చిట్లించి గీత చూసి, లోపలికి పోయి "26, చెడ్డ రోజు" అని రాసేవాడు. జంతువు కనిపించలేదా అంటే కనిపించింది. ఇంటి కుక్క కనిపించినట్టు కనిపించింది.

ఇంటి పని చూసే వంజిరు మాత్రం "ట్విగా వచ్చింది" అని కేక వేసేది. వాళ్ల భాషలో జిరాఫీ పేరది. మీ అక్క ఇప్పుడెందుకు రాదని ఒకసారి రాయుణ్ణి అడిగింది. సీజన్ కాదన్నాడు. వంజిరు కంచె వైపు చూసింది, అతని వైపు చూసింది, బట్టలు తీసుకుని లోపలికి పోయింది.

మేం కెన్యా వచ్చిన ఏడో ఏడు అక్క ఫిబ్రవరిలోనే ఫోను చేసింది.

"ఈసారి మేలో వస్తాన్రా. బురదైనా పర్వాలేదు. గడ్డిలో తల మాత్రం కనిపించినా పర్వాలేదు."

"ఇన్నేండ్లు ఆగినావు, ఇంక నాలుగేండ్లు ఆగలేవా? రిటైరైనాక దర్జాగా ఆగస్టులో వద్దువు. నేను చూపిస్తా కదా."



"సరే లే," అంది. "ఈపొద్దు ఏం వండుకున్నావు?"

చింతపండు పులుసు అన్నాడు. పులుసు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

నాలుగేళ్లు గడిచాయి. వాన పడింది, కొలిచారు, పారబోశారు. జిరాఫీ పిల్ల పెద్దదైంది. చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదు.

పదకొండో ఏడు ఆగస్టులో ధనభాగ్యం టీచర్ వచ్చింది. ఆకాశంలో మచ్చ లేదు. నాలో చుక్క లేదు. ఆమె వరండాలో నిలబడి, "మన వాన డబ్బా యాడరా?" అంది. రాయుడు నా వైపు చెయ్యి చూపించాడు. ఆమె నవ్వుతూ మెట్లు దిగి, కంచె అవతలి చెట్లను చూస్తూ, తిన్నగా వచ్చి నన్ను కాలితో గుద్దుకుంది. ఇద్దరం పడ్డాం. నా గరాటు అంచు రాయికి తగిలి సొట్టపోయింది.

"కింద చూసుకోని నడువక్కా," అన్నాడు రాయుడు లేవదీస్తూ.

"కింద చూస్తే ముందర కనిపించదురా. ముందర చూస్తే కింద కనిపించదు."

రాయుడికి అర్థం కాలేదు. ఆమె చీర దులుపుకుంటూ, నలతగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నీటి కాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కొన్నాళ్లు నిలబెట్టడానికి చుక్కల మందు. ఇప్పుడు ఆమెకి మిగిలింది గొట్టంలోంచి చూసినంత.

"ఎప్పటి నుంచి?"

"నాలుగేండ్లాయె. ఆ సంక్రాంతికి తెలిసింది, ఫిబ్రవరిలో నీకు ఫోను చేసినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మేలో వానలు ఆగిపోతాయా?"

రాయుడు నన్ను లేపి నిలబెట్టాడు.  నా సొట్టను సుత్తితో సరిచేశాడు కానీ అంచు మళ్లీ గుండ్రం కాలేదు. అంచు గుండ్రంగా లేని డబ్బా కొలత నిజం కాదు. ఆ రోజు నాకు కష్టంగా అనిపించింది. సొట్ట పడినందుకు కాదు.

మర్నాడు మసాయి మారాకి వెళ్లారు. నాలుగో రోజు పొద్దున తిరిగొచ్చి వరండాలో కూర్చున్నారు. వంజిరు కాఫీ తెచ్చి, ట్విగా చూశారా అని అడిగింది.

"చూసినా," అంది టీచర్. వంజిరు లోపలికి పోయాక తమ్ముడితో అంది. "ఒక కాలు చూస్తే ఆ ఒక్క కాలే కనిపిస్తాది. పక్క కాలు వెతికేలోగా ఇది కదిలిపోయుంటాది. నాలుగూ ఒకేసారి పట్టవురా నా కంటికి."

రాయుడు కాఫీ తాగలేదు.

"సీజన్ మాత్రం భలే ఉండాది," అంది ఆమె. "నువ్వు చెప్పినట్టే. ఒక్క చినుకు లేదు."

ఆమె ఎత్తిపొడవలేదు. తమ్ముడి లెక్క సరిపోయినందుకు నిజంగానే మెచ్చుకుంది. అదే అతను తట్టుకోలేకపోయాడు. లేచి కంచె దాకా పోయి చాలాసేపు అటువైపే నిలబడ్డాడు. వారం తర్వాత ఆమెను విమానం ఎక్కించి వచ్చాడు.

మళ్లీ మే వచ్చింది. రాత్రంతా కురిసి పొద్దునకి సన్నబడింది. ఎనిమిదిన్నరకి రాయుడు గొడుగుతో వచ్చాడు. నా గరాటు మీద చెయ్యి వేసి, తల ఎత్తాడు. జిరాఫీ కంచె పక్కనే ఉంది. తినడం అయిపోయి నడవడం మొదలుపెట్టింది.

రాయుడు గొడుగు కింద పడేశాడు. తడుస్తూనే ఫోను తీశాడు.

"అక్కా, జిరాఫీ నడస్తా ఉండాది. మన ఇంటి కంచె కాడ."

"ఏ కాలు ముందేస్తాది?" అంది. బాగున్నావా అని కూడా అడగలేదు.

అతను కంచె పట్టుకుని వంగి కాళ్లు చూశాడు. అన్నేళ్లలో అతను దాని కాళ్లు చూడడం అదే మొదటిసారి.

"ఒక పక్కవి రెండూ ఒకేసారి వేస్తాదక్కా. కుడివి రెండూ. మళ్లీ ఎడమవి రెండూ."

"సరిగ్గా చూసి చెప్పు. ఆవు మాదిరి కాదా?"

"కాదు. రెండూ ఒకేసారే."

ఆమె దాన్ని మనసులో నడిపించి చూసుకుంటున్నట్టుంది. కాసేపటికి అంది. "నాగవేణి ఇప్పుడు కాలేజీలో ఉండాది. నంబరు కనుక్కోని చెప్పాల. చూసి చెప్తానన్నా దానికి. విని చెప్తా."

వాన కొంచెం పెరిగింది. ఆమె మళ్లీ అడిగింది.

"ఇంటి కాడికే వచ్చిందా అది? ఈ ఏడేనా?"

 సీజన్ అడిగిన ప్రతివాళ్లకీ తడుముకోకుండా చెప్పిన మనిషి ఇక్కడ తడుముకున్నాడు.

"ప్రతి మేలో వస్తాదక్కా," అన్నాడు.

 ఆమె ఫోను పెట్టేయలేదు. జిరాఫీ కంచె చివరిదాకా నడిచి చెట్లలోకి పోయింది. రాయుడు తడుస్తూ అక్కడే నిలబడ్డాడు.

ఆ పొద్దున నా సీసాలో ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల నీళ్లున్నాయి. వంకర అంచుతో పట్టినవి కాబట్టి ఒకటి అటూ ఇటూ. రాయుడు కొలవలేదు. నోటుబుక్కులో ఆ రోజు గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.