రాణిగారి కోటు గుండీలు

సంచి జిప్పు లాగి చూస్తే రాణిగారి కోటుకి ఒక్క గుండీ కూడా లేదు. పద్నాలుగు ఇత్తడి గుండీలు. వాటి చోట తెగిన దారపు పోగులు మాత్రం నిక్కబొడుచుకుని ఉన్నాయి. నాటకం ఆరింటికి. అప్పటికే రెండున్నర.

పదకొండేళ్ళు ఆసుపత్రిలో మందుల కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని. సెలవు పెట్టి, రంగస్థల దుస్తుల పని నేర్చుకుని, మొదటిసారి ఒక నాటకం మొత్తానికి నేనే కుట్టాను. దానికి మా ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఈ ఒక్క నాటకం. తేడా వచ్చిందా, సోమవారం నుంచి మళ్ళీ కౌంటర్‌కి." సరేనన్నాను. పొద్దున వంట, అంట్లు, ఆయన ఇస్త్రీ అయ్యాకే కత్తెర పట్టాలన్నారు. దానికీ సరేనన్నాను. నిన్న సాయంత్రం కూడా గుమ్మంలో నిలబడి, "నా చొక్కా గుండీ ఊడి వారమైంది. రాణిగారికి మాత్రం పద్నాలుగు!" అని నవ్వారు. ఈ పొద్దున లేచి ముందు ఆ గుండీయే కుట్టాను.

డైరెక్టర్ కోటు చూసి తల పట్టుకున్నాడు. "టైలర్ మాస్టారి పనే. నువ్వొచ్చాక ఆయన మొహం మాడిపోయి ఉంది."

నాకూ అదే అనుమానం. పొద్దున లైట్ల వాళ్ళతో మాట్లాడుతూ గంటసేపు సంచిని మాస్టారి గదిలోనే వదిలేశాను. కోటు తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని తీరిగ్గా చూశాడు. "గుండీలు పోయాయని ఏడవడానికొచ్చావా, నేనే తీశానని పోట్లాడ్డానికొచ్చావా?"

"ఎవరు చేశారో చెప్పండి మాస్టారూ."

"అమ్మాయ్, పదకొండు సెకన్లలో మారాల్సిన కోటిది. విప్పేదీ తొడిగేదీ వీపు వైపు, అంటుకునే వెల్క్రో పట్టీతో. ముందు వైపు గుండీలు ఉత్తుత్తివని ఇక్కడ స్టేజీ ఊడ్చే ఆవిడక్కూడా తెలుసు. నేను చెడగొట్టాలనుకుంటే వెల్క్రో పీకేవాణ్ణి కదా? ఇది కోటు సంగతి తెలియనివాడి పని."

కోటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

రాత్రి ఈ కోటు మా ఇంట్లో ఉంది. పొద్దున స్నానానికి వెళ్ళేముందు కూడా గుండీలు చూసుకున్నాను. ఆ పావుగంటలో ఇంట్లో ఉన్నది ఇద్దరే. అత్తయ్య కాదు. "పరువైన ఉద్యోగం వదిలి నాటకాలవాళ్ళకి గుడ్డలు కుడతావా?" అని సాధించే ఆవిడే, మోకాళ్ళ నొప్పులతో రెండు గంటలు నిలబడి ఈ కోటు తొడిగించుకుంది. "ఇదేమిటే, వీపు మీద చరచగానే ఊడిపోతోంది!" అని చిన్నపిల్లలా నవ్వింది. అప్పుడు మా ఆయన పక్క గదిలోనే ఉన్నారు. నాలుగు నెలలు ఆయన కళ్ళెదుటే కుట్టాను. ఒక్కసారి కోటు తిప్పి చూసుంటే చాలు, వెల్క్రో కనబడేది.

మాస్టారు సొరుగులోంచి పాత గుండీల డబ్బా తీసి, ఏమీ అడక్కుండానే సూదిలో దారం ఎక్కించాడు. "ఎడమ వైపు నువ్వు, కుడి వైపు నేను."

మూడో గుండీ కుడుతున్నాను. సోమవారం ఎక్కడికి రావాలో అప్పుడే తేల్చుకున్నాను. ఈ గదికే. నాటకం బాగా వచ్చినా, రాకపోయినా.

ఆ తర్వాతే మా ఆయనకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను.

"గుండీలు ఎక్కడ దాచారు?"

మాస్టారు తలెత్తలేదు, కుడుతూనే ఉన్నాడు.

"నా టేబుల్ సొరుగులో ఉన్నాయి" అన్నారాయన. "పారెయ్యలేదు, ఒట్టు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే కత్తిరించాను. గుడ్డకి గాటు పడకుండా జాగ్రత్తగానే కత్తిరించాను. తేడా వస్తే సోమవారం కౌంటర్‌కి వెళ్తానన్నావుగా... ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంటుందనుకున్నా. గుండీలు లేకపోతే ఆ కోటు వేసుకోలేరు కదా? ... ఏయ్, మాట్లాడవేం? వేసుకోలేరు కదా?"