దూది పెట్టలు

కాన్పుకెళ్ళిన చెల్లి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చాక అన్నం మానేసింది. అలిగి కంచం తోసేయడం కాదు. ముద్ద కలుపుకునేది, నోటిదాకా తెచ్చుకునేది, అక్కడ ఆగిపోయి మళ్ళీ కంచంలోనే పెట్టేసేది. ఆమె భర్త లారీ డ్రైవరు. సెలవు అయిపోగానే ఆమెను వాళ్ళక్క ఇంట్లో దింపి, "వదినా, మీ దగ్గరుంటేనే మనిషి నిలబడుతుంది" అని, తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

అక్క బట్టలు కుడుతుంది. వీధి వీధంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముందుగది మిషనుది, వెనకగది ఇప్పుడు చెల్లిది, ఆ వెనక నాలుగు అడుగులేస్తే అయిపోయే పెరడు. టైలరమ్మ పాలు పెట్టి చూసింది, పళ్ళు పెట్టి చూసింది. బతిమాలింది, తిట్టింది, తనమీద ఒట్టు పెట్టింది. ఏదీ చెల్లి గొంతు దిగలేదు. దుకాణంలో కొన్న గుడ్డు ఉడికించి పెడితే నీచు వాసనంటూ కక్కేసింది.

ఒకరోజు జాకెట్ల కోసం వచ్చినావిడ, తమ పెరటి కోళ్ళు పెట్టినవంటూ కాసిని గుడ్లు ఇచ్చి వెళ్ళింది. వాటిలో ఒకదాన్ని చెల్లి కొరికింది, నమిలింది, మింగింది. ఇంకోటుందా అని అడిగింది. టైలరమ్మ వంటగదిలోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. ఆవిడను రెండోసారి గుడ్లు అడుగుదామంటే ఇల్లు మారిపోయిందట. ఇక మనమే కోళ్ళు పెంచాలి అనుకుంది.

అనుకోగానే పైవాటా నర్సమ్మ గుర్తొచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలో మేలుకుని, పగలు నిద్రపోయే మనిషి. ముందే చెప్పడం మంచిదని మెట్లెక్కి తలుపు కొట్టింది.

"కోళ్ళా? ఇళ్ళ మధ్యనా?" నర్సమ్మ ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంది. "టైలరమ్మా, మీ మిషను చప్పుడే జోలపాటనుకుని పడుకుంటున్నాను. దానికి తోడు కోడి కూడా కూసిందో, నేనే దిగొచ్చి దాన్ని పొయ్యి మీద పెడతా."

"కూసేది తీసుకురానండీ. ఉన్నట్టే తెలీనివి తెస్తాను."

కోళ్ళు అమ్మే ముసలాయన ఆమె చెప్పిందంతా విని, మొదట బొద్దుగా ఉన్న గోధుమరంగు పెట్టల్ని చూపించాడు. "గుడ్లంటే ఇవేనమ్మా. దాదాపు రోజూ పెడతాయి."

"అరుస్తాయా?"

"గుడ్డు పెట్టిన ప్రతిసారీ వీధంతా చాటింపు వేస్తాయి మరి. చోటు కూడా ఎక్కువే కావాలి."

తెల్లవి చూపించి, ఇవి బెదురుగొడ్లు, గోడ దూకి పక్కింట్లో తేలతాయన్నాడు. చివరికి మూలనున్న గంప ఎత్తాడు. లోపల ఈకలకు బదులు దూది అంటించినట్టున్న పొట్టి పెట్టలు ముడుచుకుని కూర్చున్నాయి.

"ఇవి ఎగరలేవు, గొంతు చిన్నది. పెరడు జానెడైనా చాలు. గుడ్డు మాత్రం చిన్నది, పైగా వీటికి పొదుగు పిచ్చి. కింద గుడ్డున్నా లేకున్నా కూర్చుంటాయి. ఒకసారి కూర్చున్నాయంటే పెట్టడం ఆపేస్తాయి. ఆలోచించుకో తల్లీ."

టైలరమ్మ ఆలోచించలేదు. ఆమెకు ఎగరలేవన్న మాట, అరవవన్న మాట వినిపించాయి, అంతే. మూడింటిని పట్టుకొచ్చి, పాత బీరువా చెక్కలతో గూడు కట్టింది.

మొదట్లో అంతా అనుకున్నట్టే జరిగింది. నిమ్మకాయల కంటే కాస్త పెద్దవిగా, మీగడరంగులో గుడ్లొచ్చాయి. చెల్లి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తినేది. మంచం దిగేది కాదు గానీ, చెంపల మీదికి కాస్త రక్తం వచ్చింది. మిషను తొక్కుతూ టైలరమ్మ మళ్ళీ కూనిరాగాలు తీయసాగింది. నర్సమ్మ మెట్ల మీద ఎదురై, "ఇంతకీ కోళ్ళెప్పుడు తెస్తారు?" అనడిగింది కూడా.

తర్వాత ఒక పెట్ట గూట్లోంచి లేవడం మానేసింది. దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి బుసకొట్టేవి. కింద చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు. గుడ్లు ఆగిపోయాయి. టైలరమ్మ ప్రాణం ఉసూరుమంది.

దుకాణం గుడ్డు పగలగొట్టి, ఉప్పూ మిరియాలూ దట్టంగా వేసి వేయించి, మన కోడిదేనని పెట్టింది. చెల్లి ఒక్క ముక్కకే బయటికి కక్కేసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నీళ్ళు కూడా బలవంతంగానే. మణికట్టు పట్టుకుంటే టైలరమ్మ వేళ్ళు చుట్టూ తిరిగి కలుసుకుంటున్నాయి.

ముసలాయన దగ్గరికి పరుగెత్తితే, "కింద గాలాడేలా వైరు జల్లెడ అడుగున్న బోనులో ఉంచు. పొదుగు వేడి తగ్గితే లేస్తాయి" అన్నాడు. టైలరమ్మ పెట్టల్ని గూట్లోంచి లాగింది. అవి ఆమె చేతుల్ని పొడిచాయి. రక్తం కారుతున్నా వదలకుండా జల్లెడ బోనులో పడేసి, "పెట్టండే, పాపిష్టి మొహాల్లారా... ఒక్కటి పెట్టండే!" అని బోనును గట్టిగా ఊపేసింది.

వెనక చప్పుడైంది. చెల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. గోడ ఆసరాతో వచ్చి, బోను ముందు కూలబడి, తలుపు తీసింది.

"వాటినొదిలెయ్యక్కా. కింద ఏమీ లేదని వాటికి తెలీదు."

"నీకు తెలుసుగా! తెలిసి నువ్వెందుకే చస్తున్నావ్?"

మాట జారిపోయింది. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ అప్పటికే అది చెల్లికి చేరింది. చెల్లి గొంతులోంచి వచ్చిన ఏడుపు మనిషి ఏడుపులా లేదు. ఆసుపత్రిలో ఏడవలేదు, భర్త ముందు ఏడవలేదు. అదంతా ఇప్పుడు, పట్టపగలు, పెరట్లో.

నర్సమ్మ చెదిరిన జుట్టుతో దబదబా మెట్లు దిగొచ్చింది. చెల్లి పక్కన చతికిలబడి నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసింది. "మీ నెత్తిమీదే నేనుండగా ఒక్క మాటైనా చెప్పలేదేం టైలరమ్మా? ఆటో పిలవండి."

ఆసుపత్రిలో సెలైను ఎక్కించి పంపారు. నర్సమ్మ పగటి నిద్ర మానుకుని పక్కనే కూర్చుంది. డాక్టరు చెల్లితో విడిగా చాలాసేపు మాట్లాడి, మళ్ళీ రమ్మన్నాడు.

ఇంటికొచ్చాక చెల్లి రోజుకోసారి పెరట్లోకి వెళ్ళసాగింది. పెట్టల్ని ఒక్కోదాన్ని ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని, నూకల దగ్గర దింపేది. అవి నాలుగు గింజలు ఏరుకుని మళ్ళీ గూట్లోకి పరుగెత్తేవి. ఆమె మళ్ళీ తెచ్చేది. "పోనీ ఇంకొంచెం తిను, తర్వాత కూర్చుందువుగాని" అని వాటితో గొణుగుతుంటే టైలరమ్మ మిషను ఆపి వినేది.

ఒక మధ్యాహ్నం చెల్లి అక్కడి నుంచే, "అక్కా, కాస్త అన్నం పెడతావా? కొంచెమే" అంది. టైలరమ్మ వడ్డిస్తుంటే కొంచెం కాస్తా కంచం నిండా అయింది. చెల్లి నాలుగు ముద్దలు తింది. అవి కడుపులో నిలిచాయి.

మర్నాడు మళ్ళీ కంచం ముట్టలేదు. గూట్లో ఒక్క గుడ్డూ లేదు. టైలరమ్మ కంచం మీద మూతపెట్టి, కాసేపు మిషను తొక్కి, అన్నం వేడిచేసుకుని మళ్ళీ పెరట్లోకి తీసుకెళ్ళింది.