ఆవు ఇష్టం

నోరులేని జీవం మనసు కనిపెట్టగలిగిన మనిషికి, ఇంట్లో నోరున్న మనిషి మాట ఎందుకు వినపడదు? ఈ సందేహం నాకు ఏళ్లుగా ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఆయన్నే అడుగుతూ వచ్చాను.

మావారిని తప్పుపట్టడం కాదు. నేల చచ్చిపోతోందని దున్నడం, మందులు కొట్టడం మానేసి పొలమంతా గడ్డి పెంచింది ఆయనే. రోజూ తీగ కంచె జరిపి ఆవుల్ని కొత్త గడ్డిలోకి వదులుతాం. మేసిన చోటు మళ్లీ చిగురించేదాకా అటు పోనివ్వం. దూడలు తల్లుల దగ్గరే ఉంటాయి. ఆవులు వాటంతట అవే పాలకొస్తాయి, కర్రన్న మాటే లేదు. వాటి పేడతో నేల మెత్తబడి వానపాములు తిరిగొచ్చాయి. కంచె జరిపేది, పాలు పితికేది నేను. "మేం చేస్తాం" అని చెప్పేది ఆయన.

ఆ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. కంటి ఆపరేషన్ అయిందట, చుక్కలు వేసే దిక్కు లేదట. నా కాన్పుకి ఉద్యోగం వదులుకొచ్చి నా పక్కన కూర్చున్న మనిషి. వారం రోజులు వెళ్లొస్తానన్నాను.

"నువ్వు లేకపోతే ఆవులు బెంగపెట్టుకుంటాయే. పాలు చేపవు," అన్నారాయన.

"మీ అక్కకి ఇరుగుపొరుగు లేరూ?" అంది అత్తగారు.

మధ్యాహ్నం పాల కంపెనీ తరఫున పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ సరేనంటేనే మా పాలు తీసుకుంటారు. ఆయన పాక గేటు బార్లా తెరిచి చూపించారు. "ఎండలోకి పోవాలా, నీడన పడుకోవాలా, స్తంభానికి బిగించిన ఆ బ్రష్‌కి వీపు రుద్దుకోవాలా, అంతా దాని ఇష్టమండీ. జబ్బు లేకపోతే చాలదు, సంతోషం కూడా ఉండాలి. ఇష్టం లేనిచోట కట్టేస్తే అదీ ఒక బతుకేనా?"

టీ కప్పులు తెస్తున్నదాన్ని ఆ మాట విని అక్కడే ఆగాను.

"ఆవులన్నీ మీ వెనకే తిరుగుతున్నాయే! మీరేమంటారమ్మా?" అంది డాక్టరమ్మ.

"దానికేం తెలుసమ్మా, పిచ్చిమొహం," అని అత్తగారు నవ్వింది. ఆయన నవ్వలేదు. ఏమంటానోనని నా మొహమే చూస్తున్నారు.

కప్పులు పక్కన గట్టు మీద పెట్టాను. "ఆయన చెప్పింది అక్షరాలా నిజమండీ. కట్టేస్తే పాలిచ్చేదానికైనా, పితికేదానికైనా ఒకటే. రేపు నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. వారం దాకా పాలు పితికేది ఈయనే."

పాలు పితికేటప్పుడు వేసుకునే కోటు ఒంటి మీదే ఉంది, అది విప్పి ఆయన చేతికిచ్చాను. "దీనికి నా వాసనుంది. తొడుక్కుని కూర్చోండి. కేకలెయ్యకండి. వాటికి రావాలనిపించేదాకా ఆగండి."

"ఆడదాని కోటా?" అంది అత్తగారు.

"ఆవులకి ఆ పట్టింపు లేదత్తయ్యా."

డాక్టరమ్మ ఫక్కున నవ్వి, అంతలోనే పెదవి కరుచుకుంది. ఆయన మాత్రం ఆ కోటును అటూ ఇటూ తిప్పి, చేతులు ఎటు దూర్చాలా అని వెతుక్కుంటున్నారు.

మర్నాడు అక్క కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది.

"నిన్ను రానిచ్చారా?"

"వచ్చాను," అన్నాను. "తల వెనక్కి వాల్చు."

మొదటి చుక్క సరిగ్గా కంట్లో పడింది.