జిల్పా చెప్పిన రెండు సాక్ష్యాలు

దేవుడు జిల్పాకి రెండు వరాలిచ్చాడు. ఒకటి మంచి గొంతు. రెండోది, ఆ గొంతుని ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. రెండోది వరమని సాన్‌పీట్ లోయలో ఆమె తప్ప ఎవరూ అనరు. ఈ మధ్య ఆమె కూడా అనడం మానేసింది.

మగవాళ్లు ఇద్దరు ముగ్గుర్ని పెళ్లాడే ఈ మార్మన్ క్రైస్తవుల ఊళ్లలో నెలలో మొదటి గురువారం అందరికీ ఉపవాసం. ఆ పూట మిగిలిన పిండి ఊరి చర్చి పెద్ద బిషప్ గారికిస్తే ఆయన లేనివాళ్లకి పంచుతాడు. తర్వాత అందరూ ఖాళీ కడుపులతో చర్చి బల్లల మీద కూర్చుంటారు. ఆత్మ ఎవరిని కదిలిస్తే వాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఉపవాసం ఉంటే దేవుడు దగ్గరవుతాడంటారు. జిల్పాకి మాత్రం ఆకలేస్తే మాటలెక్కువవుతాయి.

ఆ మార్చి గురువారం ఒకావిడ లేచి తన ఆవు జబ్బు ప్రార్థనతో ఎలా నయమైందో చెప్పి కూర్చుంది. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. జిల్పాకి అది చూసి జాలేసింది. ఇంత మంది ఇంత దూరం నడిచొచ్చి ఆవు కథ విని పోవడమా అనిపించి, లేచి నిలబడింది.

"నాకు ఇరవై ఒకటి. మూడేళ్ల కింద బ్రదర్ స్టోడర్డ్‌కి రెండో భార్యగా వచ్చాను," అని మొదలుపెట్టింది. "సవతి పోరు అంటారు లోకంలో. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలీదు. సిస్టర్ హుల్దా నాకు తోడబుట్టిన అక్క కన్నా ఎక్కువ. ఆయన అక్క గదిలో ఉన్న వారం నా మనసు కూడా అక్కడే ఉండి సంతోషిస్తుంది."

ఇందులో సగం నిజమే. ఆ వారం ఆమె మనసు అక్కడే ఉంటుంది. రెండు గదుల మధ్య పచ్చి ఇటుకల గోడ రెండడుగుల మందం, అయినా ఆయన ఎన్నిసార్లు దగ్గాడో జిల్పా మర్నాడు చెప్పగలదు. సంతోషం సంగతి మాత్రం ఆ ఊపులో వచ్చి పడింది. వెనక బల్ల మీద ఎవరో ముక్కు చీదారు. అది విని ఆమె ఇంకో పావుగంట మాట్లాడింది. అసూయ అనేది నమ్మకం చాలని ఆడవాళ్లకొచ్చే జబ్బు అని కూడా అంది. హుల్దా ముందు బల్ల మీద కూర్చుని ఒళ్లో ఉన్న చేతుల వంక చూసుకుంటోంది. సిగ్గు పడుతోంది పాపం, అనుకుంది జిల్పా.

రెండు రోజులకి సిస్టర్ లేథమ్ ఎండు ఆపిల్ ముక్కలు పెట్టి తీపి రొట్టె కాల్చి పట్టుకొచ్చింది. ఆవిడకి పదిహేడేళ్ల కూతురుంది, పేరు తిర్సా. ఆ పిల్లని పిండిమర వాళ్లబ్బాయి ఒకడు, కమ్మరి ఒకడు అడిగారు. ఇద్దరినీ వద్దంది.

"నీ సాక్ష్యం విన్న రోజు నుంచి మా తిర్సా ఒకటే పట్టు," అంది సిస్టర్ లేథమ్ కళ్లు ఒత్తుకుంటూ. "పెళ్లంటూ చేసుకుంటే ఆ ఇంటికే వెళ్తానంటోంది."

"ఏ ఇంటికి?" అంది జిల్పా.

"మీ ఇంటికే తల్లీ. ఆయన్ని చూసి కాదు, నిన్ను చూసి. నీలాంటి అక్క ఇంకెక్కడ దొరుకుతుంది?"

కొరివితో తల గోక్కోవడం అనే మాట జిల్పా ఎన్నో సార్లు వాడింది, ఎప్పుడూ వేరేవాళ్ల గురించే. ఇప్పుడు ఏమనాలో తోచక ఆ తీపి రొట్టెలో ఒక ముక్క తింది. అప్పటికీ తోచక ఇంకో ముక్క తింది. సిస్టర్ లేథమ్ దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఏడాది ఊరంతా పెళ్లిళ్ల మీదే ఉంది. మిడతలు పంట తినేసిన తర్వాత, మన పాపాల వల్లే వచ్చాయని పెద్దలు గట్టిగా చెప్పారు. పశ్చాత్తాపపడ్డ మగవాళ్లంతా ఇంకో భార్యని తెచ్చుకున్నారు. పశ్చాత్తాపానికి ఆడవాళ్లు ఏం తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆర్విల్ స్టోడర్డ్ పని ముగించుకుని భోజనానికి వచ్చాడు. బండి చక్రాలు చేసే మనిషి, నలభై దాటాయి, మాట తక్కువ. గోళ్లలో ఇరుక్కున్న రంపపు పొట్టు తీసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

"బిషప్ గారు పిలిచారు," అన్నాడు చివరికి. "నేనేం అడగలేదు జిల్పా. ఆ పిల్లే అందట. నువ్వేమంటావు?"

జిల్పా ఆయన మొహంలో వెతికింది. వద్దనమని అడుగుతున్నాడో, సరే అనమని అడుగుతున్నాడో ఆ గడ్డంలో ఏమీ కనిపించలేదు. తన నోటికి మాత్రం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"దేవుడి చిత్తం," అంది, చిరునవ్వుతో సహా.

"నువ్వు గొప్పదానివి," అన్నాడు ఆయన, తేలికపడి మొక్కజొన్న రొట్టె తుంచుకున్నాడు.

గొప్పది లోపల తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఎందుకంటే మూడేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆమె ఈ ఇంటికొచ్చింది స్వర్గం కోసం. మంచి మనిషికి రెండో భార్య అయితే పరలోకంలో పై మెట్టు దొరుకుతుందని లెక్క వేసుకుని వచ్చింది. తీరా వచ్చాక మొగుణ్ణి ప్రేమించి కూర్చుంది. నవలలు చదివే బయటి లోకం ఆడవాళ్లు పడే పిచ్చి అది, పరిశుద్ధులమని చెప్పుకునే మార్మన్లు పడకూడదు. ఆయన వాకిట్లోకి వస్తుంటే చక్రాల నూనె వాసనకి ఆమె గుండె కొట్టుకునేది. ఇప్పటిదాకా వారం విడిచి వారం. ఇక మూడు వారాలకొకసారి. అది తన వల్ల కాదని ఆమెకి ఆ పూట ఖాయంగా తెలిసిపోయింది.

మర్నాడు హుల్దా పెరట్లో పెద్ద కాగులో సబ్బు కాస్తోంది. ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్లు, నలుగురు పిల్లలు. జిల్పా వెళ్లి పొగకి ఎదురుగా నిలబడింది.

"అక్కా, నిన్ను అడుగుతారు. నువ్వు వద్దను."

పద్ధతి ప్రకారం మొదటి భార్యనే అడుగుతారు. కొత్త పెళ్లికూతురి చెయ్యి మొగుడి చేతిలో పెట్టేది కూడా ఆవిడే. రెండో భార్య పక్కన నిలబడి చూడాలి.

"ఎందుకనాలి?" అంది హుల్దా కాగు కలుపుతూ.

"గదులు లేవు కదా."

"కడతారు."

"పిండి చాలదు."

"ఆ పిల్లది పిట్ట తిండి. నీ అంత తినదు."

"అక్కా."

"అసలు సంగతి చెప్పవే."

"నాకిష్టం లేదు," అంది జిల్పా. ఆమె జీవితంలో చెప్పిన అతి చిన్న సాక్ష్యం అదే.

హుల్దా కర్ర ఆపింది. "ఈ ముక్క గురువారం నాడు చెప్పి కూర్చుంటే పోయేది కదే. పావుగంట ఎందుకు?" మళ్లీ కలపడం మొదలుపెట్టింది. "నేను వద్దంటే ఏమవుతుందో తెలుసా? మొదటి భార్య ఒప్పుకోకపోతే ఆ తప్పు ఆవిడ మీద పడుతుంది. ఆయన మాత్రం చేసుకోవచ్చు. ఒకసారి అని చూశాను."

"ఎప్పుడు?"

"ఆయన ఇప్పటిదాకా చేసుకున్న రెండో పెళ్లి ఒకటే. ఆలోచించుకో."

జిల్పా ఆలోచించుకుంది. పెళ్లి కోసం సాల్ట్‌లేక్ పట్నానికి చేసిన నాలుగు రోజుల బండి ప్రయాణం గుర్తొచ్చింది. అక్కడ హుల్దా జిల్పా చెయ్యి తీసి ఆర్విల్ చేతిలో పెట్టింది. ఆ మొహంలో ఏ కదలికా లేకపోతే, ఎంత ప్రశాంతం, అనుకుంది తను. పాపం పెద్దావిడ, ఇక ఈ వయసులో ఇవన్నీ పట్టవేమో, అని కూడా అనుకుంది. అప్పుడు హుల్దాకి ముప్ఫై అయిదు. గుర్తొచ్చేసరికి జిల్పాకి చెంపలు మండాయి, పొగ వల్ల అనుకోవడానికి వీల్లేకుండా.

"మరి నేనేం చెయ్యను?"

"పిల్ల తనంతట తను మానుకుంటే ఎవరికీ తప్పు లేదు," అంది హుల్దా. "తెచ్చిన నోరు నీదే కదా. ఆ నోటితోనే మాన్పించు."

జిల్పా ఆ పిల్ల ఇంటికి వెళ్లి చెప్పొచ్చు. కానీ చాటుగా చెడగొట్టిందని రేపు అంటారు. పదిమందిలో చెప్పిన అబద్ధం పదిమందిలోనే దిద్దాలి. అదీ కాక, నిజం చెబుదాం, జనం ముందు మాట్లాడే అవకాశం వదులుకోవడం ఆమె రక్తంలో లేదు. నెలంతా ఆవు ముందు కూర్చుని పాలు పితుకుతూ అభ్యాసం చేసింది. ఈసారి అలంకారాలు వద్దు, కన్నీళ్లు వద్దు, ఉన్నది ఉన్నట్టు. ఆవు ఒక్కసారి కూడా కదిలిపోలేదు. మంచి శకునం అనుకుంది.

ఏప్రిల్ గురువారం వచ్చింది. మంచు కరిగి దారంతా బురద. తిర్సా రెండో బల్ల మీద కూర్చుని ఉంది, గడ్డం కింద ముడేసుకునే కొత్త బానెట్ టోపీ పెట్టుకుని. మగవాళ్ల వైపు ఆర్విల్ ఉన్నాడు. జిల్పా లేచేసరికి బల్లలన్నీ ముందుకు వంగాయి.

"పోయిన నెల ఇక్కడ నిలబడి నేను అబద్ధం చెప్పాను," అంది.

బిషప్ గారి కనుబొమ్మలు పైకి లేచాయి.

"అసూయ తెలీదన్నాను. ఆయన పక్క గదిలో ఉన్న వారం నేను నిద్రపోను. దిండు నోట్లో కుక్కుకుని ఏడుస్తాను. పొద్దున్న రొట్టె మాడుస్తాను, అక్క పిల్లల మీద అరుస్తాను. పోయిన చలికాలం అక్కకి జ్వరమొచ్చింది. జావ కాస్తూ నేను ఏమాలోచించానో చెబితే మీరు నన్ను ఈ బల్ల మీద కూర్చోనివ్వరు. బాగవుతుందని మూడేళ్లు చూశాను. బాగవలేదు. నన్ను చూసి ఎవరైనా ఇలాంటి పెళ్లికి రావాలనుకుంటే, రావద్దు. అంతే."

కూర్చుంది. ఇక ఊరు ఊరంతా తిడుతుంది, తిట్టనీ. ఆ పిల్ల మాత్రం రాదు. జిల్పా తిట్ల కోసం తల వంచుకుని కాచుకుంది.

వెనక బల్ల మీద ఎవరో ముక్కు చీదారు. తర్వాత పక్క బల్ల. ఆ తర్వాత ఆవు జబ్బు నయమైన ఆవిడ పైకే ఏడ్చింది. పోయిన నెల కన్నా రెండింతల రుమాళ్లు బయటికొచ్చాయి. బిషప్ గారు లేచి, బొంగురుపోయిన గొంతుతో, "త్యాగమంటే ఇదీ. ఇంత శిలువ మోస్తూ ఈ చెల్లెలు ఒక్కరోజైనా గడప దాటి పోయిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కీర్తన ఎత్తుకున్నాడు.

బయటికి రాగానే ఆర్విల్ టోపీ చేతిలో తిప్పుకుంటూ ఎదురొచ్చాడు. "ఇంత కష్టపడుతున్నావని నాకు తెలీదు జిల్పా," అన్నాడు. ఇంకేదో అనబోయాడు. అది వినడానికి ఆమె ఉన్న రెండు గొప్ప సాక్ష్యాలూ వదులుకునేది. ఇంతలో బిషప్ గారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి, "అదృష్టవంతుడివయ్యా," అని లోపలికి తీసుకెళ్లిపోయాడు.

బురదలో పరిగెత్తుకుంటూ తిర్సా వచ్చింది. జిల్పా చేతులు రెండూ పట్టుకుంది. ఆ పిల్ల మొహమంతా కన్నీళ్లు.

"పోయిన నెల మీరు చెప్పినప్పుడు లోపల కొంచెం భయముండేదక్కా. నేను మీ అంత మంచిదాన్ని కాదు కదా అని. ఇవాళ ధైర్యమొచ్చింది. ఇంత బాధ పడుతూ కూడా నిలబడ్డారు. ఎంత విశ్వాసమక్కా మీది."

"రావద్దన్నాను కదే," అంది జిల్పా.

"నన్ను పరీక్షిస్తున్నారని నాకు తెలుసు," అని ఆ పిల్ల ఆమె చెంప మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

మగవాళ్ల సమావేశం ఇంకా అవలేదు. ఆడవాళ్లిద్దరూ ఇంటికి నడిచారు.

"తిర్సా ఏమంది?" అంది హుల్దా సగం దూరం వెళ్లాక.

"ఎంత విశ్వాసమో అంది. వస్తుందట."

హుల్దా తలూపింది. కాసేపు నడిచి, "నువ్వూ ఏడ్చావు," అంది.

"నేనా? నేనేం ఏడవలేదు. కావాలనే ఏడవలేదు."

"ఇవాళ కాదు. నాలుగేళ్ల కింద, ఫిబ్రవరి గురువారం. రెండో భార్యని తెచ్చుకోమని బిషప్ గారు ఆయన్ని పిలిచి వారమైంది. ఎవరిని అన్నది ఆయనకింకా తెలీదు. నేను లేచి నిలబడ్డాను. నీ అంత నోరు లేదు నాకు. నా వల్ల కావడం లేదు, నా కోసం ప్రార్థించండి అన్నాను. బయటికొచ్చేసరికి నువ్వు పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నావు."

జిల్పా దారి మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. ఆత్మ తనని మొదటిసారి తాకిన రోజు అని ఎందరికో చెప్పింది. మంచు పడుతోంది, తన ఎర్ర శాలువా, తన కన్నీళ్లు, అన్నీ గుర్తున్నాయి. హుల్దా లేచి ఏం చెప్పిందో మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. తను ఎంత బాగా ఏడ్చిందో గుర్తుంది.

"అక్కా," అంది. ఇంకో మాట కోసం చూసింది. జీవితంలో మొదటిసారి ఏ మాటా రాలేదు. బురదలో, దారి పక్క రాయి మీద కూలబడి ఏడ్చింది. ఈసారి ఏడుపు బాగా రాలేదు. ముక్కు కారింది, ఎక్కిళ్లొచ్చాయి, గొంతు దూడ అరుపులా పలికింది.

హుల్దా పక్కన నిలబడి ఆమె బానెట్ సరిచేసింది. తర్వాత ఎవరైనా వస్తున్నారేమోనని దారి వెంట వెనక్కి చూసింది.

"లేవే, లే," అంది గొంతు తగ్గించి. "ఎవరైనా చూశారంటే మళ్లీ ఎంత విశ్వాసమో అంటారు."